ఒక లైసెన్సు, రెండు సంతకాలు: 70 ఏళ్ల డ్రైవరు రెన్యువల్ కేసు

నెల్లూరులో కంటి వైద్యురాలిగా నాకు ఇరవై రెండేళ్లు. జబ్బు పరంగా చూస్తే ఈ కేసులో అరుదైనది ఏమీ లేదు. శుక్లం, దాని వెనక దాక్కున్న నీటికాసులు (గ్లాకోమా), కొంచెం అదుపు తప్పిన మధుమేహం: మా ఓపీలో రోజూ చూసేవే. అయితే ఈ రోగి నా దగ్గరికి చూపు కోసం రాలేదు. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కు సంతకం కోసం వచ్చారు. కొత్త లైసెన్సు చేతికి రావడానికి 102 రోజులు పట్టింది. ఎవరి వల్ల ఎన్ని రోజులు పోయాయో లెక్క వేసుకుంటూ వెనక్కి వెళ్తే, చివరికి నా టేబుల్ దగ్గరే ఆగాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఊళ్లో అందరూ పిలిచినట్టే మాస్టారు అంటాను.

మాస్టారిది పొదలకూరు మండలంలో ఒక ఊరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నాలుగెకరాల నిమ్మతోట ఉంది. భార్యకు రెండు మోకాళ్లూ మార్చారు, ఆవిడ ఆటో ఎక్కి దిగలేరు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఇంట్లో పాత మారుతి కారు ఒకటి ఉంది. కోతల రోజుల్లో దాని వెనక సీట్లోనే నిమ్మకాయల బస్తాలు వేసుకుని పొదలకూరు మార్కెట్‌కు వెళ్తారు. మిగతా రోజుల్లో అదే సీట్లో ఆవిడను కూర్చోబెట్టుకుని నెల్లూరు వస్తారు. ఆ కారు ఆగితే ఇద్దరూ ఊరు దాటలేరు.

మొదటి రోజు

2025 సెప్టెంబరు 29, సోమవారం. మూడు రోజుల్లో దసరా. ఆయన లైసెన్సు గడువు అక్టోబరు 8తో ముగుస్తుంది. చేతిలో ఫారం 1ఏ, ఫోటో అంటించి సిద్ధంగా ఉంది. నలభై దాటినవాళ్లు లైసెన్సు తీసుకోవాలన్నా రెన్యువల్ చేయించుకోవాలన్నా రిజిస్టర్డ్ డాక్టరు పరీక్షించి ఇవ్వాల్సిన ధ్రువపత్రం అది.

"తొమ్మిది రోజులే ఉంది కదా మాస్టారూ, ఇంత ఆలస్యంగా వచ్చారేమిటి?" అన్నాను.

"గడువు దాటినా నెల రోజులు చెల్లుతుంది కదండీ డాక్టరమ్మా" అన్నారు.

అప్పటికి చెల్లదు. అంతకు ముందు చెల్లేది. మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్‌లో ఆ ముప్పై రోజుల వెసులుబాటు ఉండేది. 2019 సవరణలో దాన్ని తీసేశారు. మేం మాట్లాడుకునే నాటికి గడువు ముగిసిన మర్నాటి నుంచి బండి నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే, 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా. అదే సవరణ ఇంకో మేలు కూడా చేసింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు ముగిశాక కూడా ఏడాది వరకు దరఖాస్తు తీసుకుంటారు, అది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. వెసులుబాటు పోయిన సంగతీ, ముందే రావచ్చన్న సంగతీ, రెండూ మాస్టారికి తెలియవు. నేను అడిగిన పెద్దవాళ్లలో చాలామందికి తెలియవు. యాభై అయిదు దాటినవాళ్లకు లైసెన్సు అయిదేళ్లకోసారి ముగుస్తుంది. ఆ అయిదేళ్ల మధ్య చట్టం మారితే ఇంటికి వచ్చి చెప్పేవారెవరు?

ఓపీ గదిలో చూపు పరీక్ష చేశాం. కుడి కన్ను 6/36 (మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచే చదవగలగడం), అద్దాలు మార్చినా మెరుగు కాలేదు. ఎడమ కన్ను అద్దాలతో 6/12. రెండు కళ్లూ తెరిచి చదవమంటే ఎడమ కన్ను మోసుకొచ్చేసింది, 6/12 వరస తడుముకోకుండా చదివారు. కుర్చీలో వెనక్కి వాలి, "ఇక సంతకం పెట్టండి. కిందటిసారి మీరే పెట్టారు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు" అన్నారు.

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

కంటిని పెద్దగా చేసి చూపించే స్లిట్ ల్యాంప్‌లో చూస్తే కుడి కంటి కటకం వెనక పొర మీద, సరిగ్గా మధ్యలో, పాలమీగడ తునకలాంటి మచ్చ. ఎడమ కంటిలో అదే రకం, ఇంకా చిన్నది. ఈ వెనక పొర శుక్లానికి ఒక గుణం ఉంది. మసక వెలుతురులో కంటిపాప పెద్దదై మచ్చ పక్కల నుంచి చూపు వస్తుంది. ఎండలో పాప కుంచించుకుపోతే వెలుతురంతా మచ్చ గుండానే రావాలి, చూపు పడిపోతుంది. మా పరీక్ష గది చీకటిగా ఉంటుంది. అంటే ఆ గదిలో ఆయన చదివిన వరస రోడ్డు మీద ఆయనకున్న చూపు కాదు.

పెరట్లో

ఫారం 1ఏలో చూపు గురించి అడిగేవి కొన్ని ప్రశ్నలే. చూపులో లోపం ఉందా, ఉంటే అద్దాలతో సరి అయిందా. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా. రేచీకటి ఉందా. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా. ఈ చివరి ప్రశ్నకు గదిలో కూర్చుని జవాబు రాయడం మా వృత్తిలో అందరికీ అలవాటే. నేను కూడా ఏళ్ల తరబడి అలాగే రాశాను. ఆ రోజు మాత్రం మాస్టారిని ఆస్పత్రి వెనక పెరట్లోకి తీసుకెళ్లాను.

సెప్టెంబరు చివరైనా నెల్లూరు ఎండ తెలిసిందే కదా, పదకొండు గంటలకే కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. చూపు పరీక్షలు చేసే మా ఆప్టోమెట్రిస్టు టేపుతో 25 మీటర్లు కొలిచి సుద్దముక్కతో గీత గీసింది. గీత అవతల ఆమె స్కూటరే ఉంది. మాస్టారు అద్దాలు సవరించుకుని నిలబడ్డారు.

"ఏపీ 26..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

ప్లేటు మీద ఉన్నది ఏపీ 39. నెల్లూరు బండి అంటే ఏపీ 26 అని నలభై ఏళ్ల లోపు వాళ్లకు కూడా నోటికి వస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ 39 ఇవ్వడం మొదలైనా ఆ అలవాటు పోలేదు. మాస్టారు చదవలేదు, గుర్తు తెచ్చుకున్నారు. మిగతా అంకెలు గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అక్కడే ఆగారు.

అదే గీత మీద వేపచెట్టు నీడ పడే చోటికి రెండడుగులు జరపమన్నాను. ఆయన అరచెయ్యి కనుబొమ్మలకు అడ్డం పెట్టుకున్నారు. నాలుగు అంకెలూ చదివేశారు.

"చూశారా!" అన్నారు.

"చూశాను మాస్టారూ. స్టీరింగు మీద ఉండాల్సిన చెయ్యి నుదుటి మీద ఉంది."

"కారులో టోపీ పెట్టుకుంటానమ్మా" అన్నారు, లెక్కలో తప్పు చూపించిన పిల్లవాడికి జవాబు చెప్పినట్టు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, సాయంత్రం పూట పడమటి వైపు నడపడం ఏడాదిగా మానేశానని చెప్పారు. ఎదురుగా వచ్చే లారీ దీపాలు చీలిపోయి ముళ్లకంపలా కనిపిస్తాయట. అడగకపోతే ఆ మాట వచ్చేది కాదు. సంతకం కోసం వచ్చినవారు జబ్బు చెప్పుకోరు, దాచుకుంటారు. మామూలు రోగికీ లైసెన్సు రోగికీ అదే తేడా, అది గుర్తు పెట్టుకోని డాక్టరు మోసపోతాడు.

నేను సంతకం పెట్టలేదు. కుడి కంటికి ఆపరేషన్ చేయించుకుని రమ్మన్నాను. కోపంగా లేచి వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఈయన కారు నడుపుతుంటే ఆరు నెలలుగా నేనే వెనక సీట్లోంచి గేదె, గుంట అని చెబుతున్నానమ్మా" అని వెళ్లారు.

మధ్యలో 24 రోజులు

అక్టోబరు 23న, దీపావళి వెళ్లిన మూడో రోజు, మళ్లీ వచ్చారు. ఈ మధ్యలో ఏం జరిగిందో ఆయనే చెప్పారు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

తెలిసినవారి ద్వారా ఒక ఏజెంటును పట్టుకున్నారు. ఫారం 1ఏ వాళ్లే తెచ్చారు, ఎవరో డాక్టరు సంతకం, సీలు అన్నీ ఉన్నాయి. ఆ డాక్టరు మాస్టారిని చూడలేదు. 'అభ్యర్థిని నేను స్వయంగా పరీక్షించాను' అని ఆ ఫారంలోనే అచ్చువేసి ఉంటుంది. గుర్తింపు చిహ్నం దగ్గర 'ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ' అని రాశారట.

"నాకు అక్కడ పుట్టుమచ్చ లేదు డాక్టరమ్మా" అన్నారు మాస్టారు, రెండు ముంజేతులూ చాచి చూపిస్తూ. దరఖాస్తు సంగతి కన్నా ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది అదే అనిపించింది. ఎంతైనా లెక్కల మాస్టారు.

ఆ దరఖాస్తు ముందుకు కదల్లేదు. పుట్టుమచ్చ వల్ల కాదు, శుక్లం వల్ల అంతకన్నా కాదు. లైసెన్సులో పుట్టిన తేదీ పూర్తిగా ఉంది, ఆధార్‌లో 1955 అని సంవత్సరం మాత్రమే ఉంది. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. ముందు ఆధార్ సరిచేయించుకుని రమ్మన్నారు. ఎండలో నంబరు ప్లేటు చదవలేని మనిషిని అయిదేళ్ల లైసెన్సుతో రోడ్డెక్కకుండా ఆపింది ఇంటిపేరులోని పొడి అక్షరం. ఈ వ్యవస్థను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

గడువు ముగిశాక రెండుసార్లు కారు తీశారని కూడా ఒప్పుకున్నారు, మార్కెట్ వరకే అన్నారు. జరిమానా సంగతి అటుంచి, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితులకు చెల్లించి ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేయడానికి కోర్టుకు వెళ్లవచ్చని చెప్పాను. నాలుగెకరాల తోట గుర్తొచ్చినట్టుంది, తాళం చెవి ఆవిడ చేతికిచ్చారు. పక్కింటి కుర్రాడిని డ్రైవరుగా పెట్టుకున్నారు.

ఆపరేషన్, ఆ తర్వాత

వైద్యం వివరాలు క్లుప్తంగా రాస్తాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 8.1. కంటి పీడనం కుడి 26, ఎడమ 22. మాస్టారు తన మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్ర మూడేళ్లుగా వేసుకుంటున్నారు, స్ట్రిప్ తెప్పించి చూస్తే స్టెరాయిడ్. వెనక పొర శుక్లానికీ, పెరిగిన పీడనానికీ అది కారణం కావచ్చు. దీర్ఘకాలంగా వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి ఫిజీషియన్ చేతికి అప్పగించి మెల్లగా తగ్గించాం. మోకాళ్ల నొప్పి తిరిగొచ్చింది. దానికి కూడా నన్నే అన్నారు.

మొంథా తుఫాను వానలు, కార్తీక పౌర్ణమి వెళ్లాకే అని ఆవిడ పట్టు, చక్కెర అదుపు: వీటితో 18 రోజులు గడిచాయి. నవంబరు 10న కుడి కంటికి ఆపరేషన్ చేసి లెన్స్ అమర్చాను. కన్ను కుదుటపడి అద్దాల పవరు నిలబడేదాకా ఇంకో 37 రోజులు. ఈ వ్యవధిని ఎవరూ కుదించలేరు. అందుకే గడువుకు తొమ్మిది రోజుల ముందు కాకుండా తొమ్మిది నెలల ముందు రావాలి.

శుక్లం తీసేశాక లోపల కంటి నరం స్పష్టంగా కనిపించింది. కుడి నరం మధ్య గుంట నరం వెడల్పులో 0.7 వంతు, ఎడమ 0.5. పక్కచూపు కొలిచే ఫీల్డ్ పరీక్ష చేయించాం. తెల్లని గిన్నె లోపల ఒక్కో చుక్క వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కుడి కంటిలో ముక్కు వైపు పై భాగంలో వరసగా కొన్ని చుక్కలకు ఆయన నొక్కలేదు. తొలి దశ నీటికాసులు. రెండు కళ్లూ కలిపి చేసిన పరీక్షలో ఆ లోటును ఎడమ కన్ను పూడ్చింది.

ఇక్కడ నాకు వృత్తిపరమైన చిక్కు వచ్చింది. ఫారం 1ఏలో పక్కచూపు గురించి ప్రశ్నే లేదు. బ్రిటన్‌లో కారు నడపాలంటే రెండు పక్కలకూ కలిపి కనీసం 120 డిగ్రీల చూపు ఉండాలని నియమం, 70 దాటినవాళ్లు మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మన దగ్గర గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే చూపు మిగిలిన నీటికాసుల రోగి కూడా నంబరు ప్లేటు చదివేసి ఫారం నెగ్గగలడు. మాస్టారి పరిస్థితి అంత దూరం పోలేదు. నేడు నడపడానికి అర్హులే. కానీ లైసెన్సు అయిదేళ్లకు ఇస్తారు, నీటికాసులు అయిదేళ్లు ఆగవు. 'ఆరు నెలల వరకే' అని నేను రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

డిసెంబరు 17న మళ్లీ పెరట్లోకి వెళ్లాం. అదే సుద్దగీత, అదే గంట. ఈసారి ఇంకెవరిదో కారు ఉంది. కుడి 6/9, ఎడమ 6/12, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ప్లేటు ఒకే గుక్కలో చదివి, "ఇది కొత్త సీరీస్" అని కూడా చెప్పారు. చెవులూ, మెడ తిప్పడమూ, చేతులూ కాళ్ల కదలికా ఆ ఫారం ప్రకారం నేనే చూడాలి. కంటి డాక్టర్లం సాధారణంగా ఎగరగొట్టే భాగం అది. బ్రేకు తొక్కే కుడి మోకాలు బాగా వంగుతోందా అని ఫిజీషియన్‌తో కూడా చూపించాను. సంతకం పెట్టాను. రాత్రి పూట నడపనని, ఆరు నెలలకోసారి ఫీల్డ్ పరీక్షకు వస్తానని ఆయన చేత నా కేసు షీటులో రాయించుకున్నాను. దానికి చట్టంలో విలువ లేదు. లెక్కల మాస్టారు తన చేతిరాతకు కట్టుబడతారని నా నమ్మకం.

ఇంకో 23 రోజులు

సంతకం అయ్యాక పని అయినట్టే అనుకున్నాను. అప్పటికి ఆధార్‌లో పుట్టిన తేదీ, ఇంటిపేరు సరిచేయించుకున్నారు కూడా. కానీ ఆధార్‌కు లింకు చేసిన ఫోను నంబరు కొడుకుది. మాస్టారు పొదలకూరులో నెట్ సెంటరులో కూర్చుంటే ఓటీపీ బెంగళూరులో మోగుతుంది. కొడుకు మీటింగులో ఉంటాడు. అతను చూసి ఫోన్ చేసి అంకెలు చదివేసరికి గడువు అయిపోయి తెర మొదటికి వస్తుంది. నాలుగో ప్రయత్నంలో అందింది. అప్పుడు ఫారం 1ఏ ఎక్కించబోతే ఫైలు సైజు ఎక్కువైంది. నెట్ సెంటరు కుర్రాడు సైజు తగ్గించి ఎక్కించాడు. తగ్గించడంలో నా సీలు, రిజిస్ట్రేషన్ నంబరు నల్లటి మరక అయిపోయాయి. వారం తర్వాత 'డాక్టరు వివరాలు స్పష్టంగా లేవు' అని వెనక్కి వచ్చింది. నేను ఆయన్ని 79 రోజులు ఆపింది కనబడటం లేదనే, ఇప్పుడు కనబడనిది నా నంబరు.

మా ఆస్పత్రి రిసెప్షన్‌లోనే సరిగ్గా స్కాన్ చేసి పంపించాం. స్లాట్ మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు వెళ్తే ఫోటో దగ్గర నల్ల కళ్లద్దాలు తీయమన్నారు, వేలిముద్ర దగ్గర నిమ్మముళ్లు గీరుకుపోయిన వేళ్లను యంత్రం రెండుసార్లు కాదంది. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా తడిగుడ్డతో తుడిపించి మూడోసారి పెట్టించాడట. మాస్టారు ఆయన గురించి మంచిగానే చెప్పారు. జనవరి 9న రెన్యువల్ అయింది. రెన్యువల్ తేదీ నుంచి అయిదేళ్లు. భోగికి అయిదు రోజుల ముందు.

లెక్క

ఏజెంటుకు 24 రోజులు, తుఫానుకూ పౌర్ణమికీ చక్కెరకూ 18, కన్ను మానడానికి 37, కాగితాలకు 23. ఈ కేసు షీటు రాసుకుంటున్నప్పుడు "కిందటిసారి మీరే పెట్టారు" అన్న మాట గుర్తొచ్చి పాత రికార్డు తీయించాను. 2020 అక్టోబరు. అప్పుడు ఆయనకు 65. కోవిడ్ రోజులు. మూతికి మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ కవచం, రోగికి దగ్గరగా వంగి చూడాలంటే భయం. రెండు కళ్లూ తెరిచి చార్టు చదివించాను, సంతకం పెట్టాను. పీడనం చూడలేదు, నరం చూడలేదు, పెరట్లోకి తీసుకెళ్లలేదు. మధుమేహం ఉందా అని కూడా అడిగినట్టు ఆ షీటులో లేదు. ఆ రోజు చూసి ఏడాదికోసారి రమ్మని ఉంటే, స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన ఏడాదిలోనే పట్టుకునేదాన్ని. శుక్లం ఆపరేషన్ 2024లోనే అయిపోయేది, గడువుకు ముందే దరఖాస్తు వెళ్లేది. రెండు నిమిషాలు మిగిల్చుకున్నాను, ఆయన 102 రోజులు కట్టారు.

ఇప్పుడు ఓపీలో అరవై దాటినవారు దేనికి వచ్చినా మా ఆప్టోమెట్రిస్టు లైసెన్సు గడువు అడిగి కేసు షీటు మూల రాస్తోంది. అది ఏడాదిలోపు ఉంటే పీడనం, నరం ఆ రోజే చూస్తాం, ఆధార్‌లోని పేరు, తేదీ, ఫోను నంబరు పోల్చి చూసుకోమని చెప్పి పంపిస్తాం. పెరట్లో సుద్దగీత వానకు పోతోందని ఇనుప మేకు కొట్టించాను.

మాస్టారి ఫైలులో రెండు ఫారాల నకళ్లూ పక్కపక్కన పెట్టాను. 2020ది ఒకటి, 2025ది ఒకటి. గుర్తింపు చిహ్నం: కుడి కనుబొమ్మ మీద మచ్చ. చూపు అద్దాలతో సరి అయిందా: అవును. ఎరుపు, ఆకుపచ్చ: తెలుస్తుంది. 25 మీటర్లు: అవును. రేచీకటి: లేదు. కింద నా సంతకం. తేదీ, ఫోటో తప్ప రెండింటిలో ఒక్క అక్షరం తేడా లేదు.